గోత్రం చెప్పిన శవం

ఆ రోజు ఉదయం శ్యామసుందర శర్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఆరున్నర బస్సుకు చిక్కబళ్ళాపురం వెళ్ళి, పూల మార్కెట్టులో రథోత్సవానికి కావలసిన చామంతులకూ కనకాంబరాలకూ చెప్పిపెట్టి, మధ్యాహ్నం భోజనం వేళకు బాగేపల్లిలో ఇంటికి చేరుకోవడం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అంతకుమించి ఆశపడకూడదు. ఆశపడినా మోకాళ్ళు ఒప్పుకోవు.

ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో నల్లగుట్ట నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి అర్చకత్వం ఐదు దాయాది కుటుంబాలది. ఏడాదికొక కుటుంబం రథోత్సవం జరిపిస్తుంది, అంటే ఒక్కో ఇంటికి ఐదేళ్ళకొకసారి వంతు. రథమెక్కి స్వామి పక్కన నిలబడేది ఆ ఇంటి పెద్ద ఒక్కడే. శ్యామసుందర శర్మకు పోయిన వంతు కరోనా కాలంలో పడింది. రథం కదలలేదు, జనం రాలేదు. తాళం వేసిన గుడి ముందు ఆయన ఒక్కడే నిలబడి గంట కొట్టి ఇంటికొచ్చాడు. ఈసారి ఉత్సవం ఇంకా పన్నెండు రోజులుంది. ఏ కారణం చేతనైనా వంతు తప్పితే తప్పినట్టే, మళ్ళీ డెబ్బై మూడో ఏట. అప్పటికి తాను రథం మీద ఉంటాడో, గోడ మీద పటంలో ఉంటాడో ఆయనకు తెలియదు. ఈ ఒక్క రథమూ ఎక్కితే చాలునని ఏడాదిగా రోజులు లెక్కపెడుతున్నాడు.

చెప్పులు వేసుకుంటుండగా వీధిలో పురుషోత్తమ్ కనిపించాడు. పినతండ్రి కొడుకు, వచ్చే ఏటి వంతుదారు. చేతిలో ఫోను పట్టుకొని, మురుగు కాలువకు అవతల నిలబడి ఉన్నాడు.

"లోపలికి రారా. వీధిలో నిలబడినావేమి?"

"వద్దన్నా. మైల ఇంట్లోకి ఎట్ల వచ్చేది?"

"ఎవరి మైల?"

"నిన్న సాయంత్రం ఏడున్నరకు టీవీ చూడలేదా? మన ఋత్విక్ పోయినాడు కదా."

శ్యామసుందర శర్మ గుండె ఒక్క క్షణం ఆగింది. వెంటనే సంగతి గుర్తొచ్చి మళ్ళీ కొట్టుకుంది. "అది సీరియల్ కదరా, పిచ్చోడా!" అన్నాడు.

ఆయన కొడుకు ఋత్విక్ టీవీ నటుడు. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్నవాడు, పెళ్ళయిన మూడో నెలలో దాన్ని వదిలేసి వేషాలు కట్టాడు. భార్యకు కూడా చెప్పలేదు. ఆమె ఆ సంగతి టీవీలో ప్రకటన చూసి తెలుసుకుంది. అతని సీరియల్ పేరు 'సప్తశూరులు'. జనం చూడడం మానేసిన మూడు సీరియళ్ళలోంచి అద్భుతవీరులను ఏరి, ఒకే జట్టుగా కట్టి, వాళ్ళ మీదికి మార్తాండ రాయుడనే కరుడుగట్టిన నేరగాళ్ళ దొరను తోలారు. ఏడుగురిలో ఋత్విక్ పేరు పిడుగు. అతని అరచేతుల్లోంచి మెరుపులొస్తాయి. మెరుపులకు ఖర్చెక్కువ కాబట్టి వారానికొకసారే వస్తాయి. కత్తికి ఖర్చు లేదు కాబట్టి మార్తాండ రాయుడు రోజుకొకణ్ణి చంపుతాడు.

తండ్రి జరిపే ఉత్సవం కోసం ఋత్విక్ పదిహేను రోజులు సెలవు అడిగాడు. దర్శకుడు మోహన్‌కుమార్ బాగా ఆలోచించి, సెలవివ్వడం కంటే చంపడం సులువని తేల్చాడు. ఋత్విక్ ముందుగానే ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, బుధవారం చస్తాను, భయపడొద్దండి" అని చెప్పాడు. తల్లి అంబుజ భయపడకుండా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చూసింది. సరిగ్గా దహనం సమయానికి ఎవరో ఫోన్ చేస్తే లోపలికి వెళ్ళింది. చూడవలసిన ముక్క అదే.

పురుషోత్తమ్ ఆ ముక్కను కాలువ అవతలి నుంచే ఫోనులో వినిపించాడు. వాన కురుస్తోంది. ఆరుగురు శూరులు తలలు వంచుకొని నిలబడ్డారు. "నా పగవాడికి నేనే కొరివి పెడతాను" అంటూ మార్తాండ రాయుడు మీసం తిప్పి నిప్పుకుండ ఎత్తుకున్నాడు. పక్కన ఒక పురోహితుడు గట్టిగా, స్పష్టంగా, "హరితస గోత్రస్య, ఋత్విక్ శర్మణః, ప్రేతస్య" అంటున్నాడు.

శ్యామసుందర శర్మ గడప మీద కూలబడ్డాడు.

జరిగింది ఇది. అన్నీ సహజంగా ఉండాలని మోహన్‌కుమార్ నిజమైన పురోహితుణ్ణి పిలిపించాడు. ఆయన నిజమైన దర్భలూ నువ్వులూ తెచ్చుకొని కూర్చుని, అలవాటు ప్రకారం "గోత్రం? పేరు?" అని అడిగాడు. స్క్రిప్టులో పిడుగుకు గోత్రం రాయలేదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, గుడ్డ కింద నుంచి శవమే "హరితస గోత్రం, ఋత్విక్ శర్మ" అంది. ఒడుగైన ఎనిమిదో ఏటి నుంచి గోత్రం ఎవరడిగినా తడుముకోకుండా చెప్పిన నోరది. నిద్రలో అడిగినా చెప్పేది, చచ్చి పడుకున్నా చెప్పింది. ఎడిటరు శవం గొంతు కత్తిరించాడు. పురోహితుడి గొంతు బాగుందని ఉంచేశాడు.

"పేరు పెట్టి, గోత్రం చెప్పి కర్మ జరిగిపోయిందన్నా. ఇంక నువ్వు గుళ్ళోకి ఎట్ల పోతావు? నేను పదిగంటలకు తాలూకు కచేరీలో అర్జీ ఇస్తాండాను. ఈసారి వంతు మాకియ్యమని," అన్నాడు పురుషోత్తమ్. గొంతులో దుఃఖం ఉంది కానీ నిలవడం లేదు.

అప్పుడే కోడలు శ్రీరంజని టిఫిను డబ్బా పట్టుకొని బయటికొచ్చింది. చింతామణిలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతుంది, రోజూ బస్సులో వెళ్ళివస్తుంది. మాటలన్నీ విన్నట్టే ఉంది.

"నిన్న నువ్వు చూసినావామ్మా?" అని అడిగాడు మామగారు.

"చూసినాను మామా," అని చెప్పి ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.

శ్యామసుందర శర్మకు ఒక చిన్న ఆశ మిగిలింది. ఈ రోజుల్లో పురోహితులు సగం మంత్రాలు మింగేస్తారు, కర్మలో లోపముంటే కర్మే జరగనట్టు. ఋత్విక్ ద్వారా నంబరు సంపాదించి ఆ పురోహితుడికే ఫోన్ చేశాడు. ఆయనకు కోపమొచ్చింది. "నన్నేమనుకొన్నారు స్వామీ? కెమెరా ఉన్నా లేకున్నా ఒక్క అక్షరం వదిలే వంశం కాదు మాది. మీ అబ్బాయికి దివ్యంగా జరిపించినాను," అన్నాడు. జీవితంలో మొదటిసారి శ్యామసుందర శర్మ ఒక నిజాయితీపరుణ్ణి మనసారా తిట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు పురుషోత్తమ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కాలువ దగ్గర ఆగలేదు. నేరుగా వంటింటి దాకా వచ్చి పీట మీద కూర్చున్నాడు. తాలూకు కచేరీలో గుళ్ళ వ్యవహారాలు చూసే ముజరాయి గుమాస్తా అర్జీ అంతా చదివి, కళ్ళజోడు తీసి ఒక్కటే అడిగాడట: "మీరూ దాయాదులే కదప్పా? మీకూ మైలే కదా?" తర్వాత ఐదు కుటుంబాల పేర్లూ వరుసగా రాసి, ఐదింటికీ మైల ఉన్నందున కోలారు నుంచి వేరే అర్చకుణ్ణి పిలిపించాలని ఫైలు కదిలించాడు.

"ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నువ్వు మమ్మల్నందరినీ తోసుకొని పడినావు," అంది అంబుజ.

"అయింది అయిపోయింది వదినా. ఆ గుమాస్తా ఒక దారి చెప్పినాడు. దోషం తీరిపోయిందని పెద్దలెవరన్నా లేఖ రాసిస్తే, ఉత్సవం ముందురోజు సాయంత్రం ఐదు లోపల కచేరీలో ఇస్తే ఫైలు మూసేస్తాడంట," అన్నాడు పురుషోత్తమ్. మైల ఇంట్లో రెండు కప్పుల కాఫీ కూడా తాగాడు.

విదురాశ్వత్థ దగ్గర ఒక ఘనపాఠిగారున్నారు. ఆ చుట్టుపక్కల ధర్మసందేహం ఎవరికొచ్చినా ఆయన మాటే తీర్పు. అన్నదమ్ములిద్దరూ పురుషోత్తమ్ కారులో వెళ్ళారు. ఆయన ఫోను ముక్కుకు ఆనించుకొని ఆ ముక్కను మూడుసార్లు చూశారు. మూడోసారి తర్వాత వచ్చే పోట్లాట కూడా చూశారు.

"లోపమేమన్నా దొరుకుతుందేమో అని చూస్తాండాను. దొరకలేదు," అన్నారు. "బతికుండంగానే పేరూ గోత్రమూ చెప్పి కర్మ జరిగిపోతే, దానికి ఒకటే దారి. వాడు మళ్ళీ పుట్టల్ల."

"మళ్ళీ అంటే?"

"నేతికుండలో కూర్చోబెట్టి బయటికి తీస్తే అది జననం. ఆపైన జాతకర్మ, నామకరణం, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, ఒడుగు. పెళ్ళయినవాడు కాబట్టి మళ్ళీ పెళ్ళి. అన్నీ అయితేనే పూర్తిగా మనలో కలిసినట్టు. ఒకటి తక్కువైనా లేఖ రాయను."

శ్యామసుందర శర్మ ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్క రోజులో అయిపోతుందనుకున్నాడు. ఘనపాఠిగారు వేలెత్తారు. "ఒకటుండాది. బిడ్డ పుడితే దాయాదులందరికీ పదిరోజులు పురుడు. చావు మైల పోతుంది, పురిటి మైల వస్తుంది."

ఇద్దరూ వేళ్ళు మడిచి లెక్క వేశారు. రేపు పుడితే పది రోజులకు పురుడు వెళుతుంది. పదకొండో రోజు మిగతా అన్నీ. పన్నెండో రోజు రథం. మధ్యలో ఒక్క పూట కూడా జారడానికి వీల్లేదు.

లేవబోతుంటే ఘనపాఠిగారు, "కొరివి పెట్టిన ఆ మీసాలాయన ఎవరు?" అని అడిగారు.

"నేరగాళ్ళ దొరండీ."

"కర్త ఆయనే కదా. తల గొరిగించుకొని నియమంగా ఉండమని చెప్పండి. లేకుంటే ఆయనకు మంచిది కాదు."

మర్నాడు ఉదయం ఆ దొర బాగేపల్లి బస్టాండులో దిగాడు. తెర మీద రోజుకొకణ్ణి చంపే మార్తాండ రాయుడి అసలు పేరు మునినారాయణ. ఊరు మంచేనహళ్ళి. ఇంట్లో పన్నెండు ఆవులున్నాయి. ఈగను తోలాలన్నా చెయ్యి తోకలా మెల్లగా ఊపుతాడు తప్ప కొట్టడు. ఘనపాఠి మాట ఋత్విక్ ద్వారా వినగానే, దర్శకుణ్ణి అడగాలన్న ఆలోచన కూడా లేకుండా మంగలి దగ్గర కూర్చున్నాడు. రాష్ట్రమంతా భయపడే మీసం అక్కడే రాలిపోయింది. రెండు డబ్బాల నెయ్యి మోసుకొని దిగిన ఆ గుండు మనిషిని ఎవరూ గుర్తుపట్టలేదు, పూలమ్మే అక్కయమ్మ తప్ప.

"గుండు కొట్టుకుంటే కనుక్కోలేననుకొన్నావా? బంగారట్లా పిల్లోణ్ణి సంపి, ఇంగ ఆ ముసిలోళ్ళను గూడా సంపేకి వచ్చినావా?"

"అవ్వా, అది నాటకమవ్వా. నేను పాలు పిండుకొని బతికేవాణ్ణి."

"పాలల్లో ఇసం కలిపిందీ నువ్వే కదరా, పోయిన్నెల!"

పూలు పాడవుతాయని బుట్ట జాగ్రత్తగా కింద దించి, అక్కయమ్మ చెప్పు చేతిలోకి తీసుకుంది. రెండు దెబ్బలు పడ్డాక బస్సు వెనక మెట్టు మీద నుంచి ఋత్విక్ దిగాడు. ఆమె చెప్పు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

"బతికే ఉండావా నాయనా? మరి నేను రెండు దినాలుగా బ్యారం గూడా మానేసి ఏడ్చింది యాడికి పోవల్ల?" అని మళ్ళీ ఏడుపందుకుంది. అతని చావుకు ఊళ్ళో ఎవరైనా నిజంగా ఏడ్చారంటే ఆమే.

జననం పెరట్లో జరిగింది. కల్యాణమంటపం నుంచి తెచ్చిన ఇత్తడి గంగాళంలో నెయ్యీ నీళ్ళూ పోసి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి ఋత్విక్‌ను కూర్చోబెట్టారు. ఆరడుగుల వీరుడు, కండలు పెంచడానికి మూడేళ్ళు కష్టపడ్డాడు. లోపలికి ఎలాగో దిగాడు గానీ, మంత్రాలు ముగిసి ముహూర్తం వచ్చాక బయటికి రాలేదు. పురుషోత్తమ్ ఒక చెయ్యి, శ్యామసుందర శర్మ ఒక చెయ్యి లాగారు. నేతి చేతులు జారి ఇద్దరూ వెనక్కి పడ్డారు. అంబుజ దేవుళ్ళకు మొక్కుకోసాగింది.

"సామీ, మీరు పక్కకు రాండి," అన్నాడు మునినారాయణ. పంచె ఎగ్గట్టి, గంగాళం అంచుకు కాలు తన్నిపెట్టి, ఋత్విక్ చంకల కింద చేతులు దూర్చాడు. "దూడ అడ్డం తిరిగితే బలం పెట్టకూడదు. దానికి ఊపిరి ఆడినప్పుడు మనం లాగల్ల." రెండుసార్లు అటూ ఇటూ తిప్పి మూడోసారి లాగాడు. ఋత్విక్ జర్రున జారి పెరటి బండల మీద పడ్డాడు. మునినారాయణ అలవాటు కొద్దీ వేళ్ళతో అతని ముక్కు తుడిచి, వీపు మీద రెండు చరిచాడు.

"ఏడవల్ల," అన్నారు ఘనపాఠిగారు.

ఋత్విక్ తెల్లమొహం వేశాడు. సీరియల్‌లో అతనికి ఏడ్చే దృశ్యం ఎప్పుడూ ఇవ్వలేదు. అంతలో నెయ్యి కంట్లోకి దిగింది, బోరున ఏడ్చాడు. జాతకర్మ కూడా అక్కడే ముగించారు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న శ్రీరంజని బస్సుకు వేళవుతోందని బయలుదేరింది.

పురుడు పది రోజులూ అంబుజ మంచం దిగలేదు. తలకు గుడ్డ చుట్టుకొని, చెవుల్లో దూది పెట్టుకొని పడుకుంది. "బాలింతను, నన్ను పని చేయమనొద్దండి. ఈ ఇంట్లో నాకు పదిరోజులు విశ్రాంతి దొరికి ముప్పై ఒక్క ఏళ్ళయింది," అంది. పథ్యం వంట శ్యామసుందర శర్మ మీద పడింది. మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి ఇల్లు తగలబడబోయి ఆగింది.

అక్కడ బెంగళూరులో షూటింగ్ ఆగిపోయింది. మోహన్‌కుమార్ మునినారాయణకు ఫోన్ చేసి, "మీసం యాడుండాది?" అని అరిచాడు. "కర్మకు పోయింది సార్," అన్నాడు మునినారాయణ. మీసం లేని మార్తాండ రాయుడు పెళ్ళిలో వడ్డన చేసేవాడిలా ఉన్నాడని చానల్ వాళ్ళు తేల్చారు. పైగా పిడుగు చచ్చినందుకు జనం తిడుతున్నారు. అతణ్ణి బతికించడమే మేలని నిర్ణయించుకొని మోహన్‌కుమార్ ఈసారి తండ్రికే ఫోన్ చేశాడు.

"మీ అబ్బాయిని రేపు పంపండి సార్. ఒక్క రోజు పని. బతికించేస్తాను."

"నాలుగు రోజుల పిల్లవాడప్పా, గడప దాటకూడదు," అన్నాడు శ్యామసుందర శర్మ. ఆ మాటలో హాస్యమేమీ ఆయనకు కనిపించలేదు.

అదే రోజు సాయంత్రం శ్రీరంజని కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, వంటింట్లో మామగారి పక్కన నిలబడి చిక్కుడుకాయలు తరగడం మొదలుపెట్టింది. సగం కాయలు తరిగాక నోరు విప్పింది.

"ఈరోజు బస్టాండులో ఒకామె నేనెదురొస్తే ఆగిపోయి పక్కకు తిరుక్కొనింది మామా. ఆమె బిడ్డకు పెళ్ళిచూపులంట. మొగుడు కర్మ అయిపోయినామె ఎదురొస్తే మంచిది కాదని పక్కామెతో చెప్తాండాది. నాకు వినబడేట్టే చెప్పింది."

ఆయన చేతిలో గరిటె ఆగిపోయింది. మంచం మీద నుంచి అంబుజ, "ఎవరది? పేరు చెప్పు, నేను లేచి పోతా!" అని కేకేసింది.

"మీరు లేవద్దండత్తా, పురుడు," అని శ్రీరంజని గొంతు తగ్గించింది. "దాని గురించి కాదు మామా నేను చెప్పేది. ఆ రోజు చితి మీద ఈయన్ను చూస్తే నాకు ఏడుపు రాలేదు. నాటకమని కాదు. పోయిన సంవత్సరం మా అమ్మ పోతే ఈయన రాలేదు. ఆ వారం నగరాన్ని కాపాడే సీన్లు ఉండాయన్నాడు. అప్పుడు ఒక్కదాన్నే ఏడ్చినాను. మళ్ళీ ఏడుద్దామంటే నా దగ్గర ఏమీ మిగల్లేదు."

కోడలు ఇంట్లోకి వచ్చి నాలుగేళ్ళయింది, ఆమె ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం శ్యామసుందర శర్మ ఎప్పుడూ వినలేదు. కూర మాడిపోయింది. ఇద్దరూ అదే తిన్నారు.

పదకొండో రోజు తెల్లవారి నుంచే పని మొదలైంది. ఎనిమిదికి నామకరణం. పేరు మార్చకుండా ఋత్విక్ అనే పెట్టారు. తొమ్మిదికి అన్నప్రాశన, ఒక చెంచా పాయసంతో సరి. పదికి గుండు, పన్నెండుకు ఒడుగు. గుండుతో, గోచీతో, చేతిలో దండంతో నిలబడ్డ కొడుకు అంబుజ కళ్ళకు నిజంగానే ఎనిమిదేళ్ళవాడిలా కనిపించాడు. గౌరిబిదనూరు నుంచి శ్రీరంజని తండ్రి రెండోసారి కన్యాదానం చేయడానికి వచ్చి, ఒక మూల కూర్చున్నాడు. పెళ్ళి ముహూర్తం మూడున్నరకు. లేఖ రాసి, సంతకం మాత్రం మిగిల్చి ఘనపాఠిగారు పక్కన పెట్టుకున్నారు. లేఖ కచేరీకి తీసుకెళ్ళడానికి పురుషోత్తమ్ కారు తాళం చేతిలోనే పట్టుకున్నాడు.

పీటల మీద కూర్చోబెట్టాక ఘనపాఠిగారు నవ్వుతూ, "ఏమమ్మా, వరుడు సమ్మతమేనా?" అన్నారు. ఆ ప్రశ్న మంత్రాల్లో లేదు. పెళ్ళికూతుళ్ళు సిగ్గుపడి తల దించుకుంటారని ఆయన ప్రతి పెళ్ళిలోనూ సరదాకు అడుగుతారు.

శ్రీరంజని తల దించుకోలేదు. "ఆలోచించుకొని చెప్తానండి," అంది.

ఎవరో పళ్ళెం కింద పెట్టిన చప్పుడు ఇంటిల్లిపాదికీ వినిపించింది.

"ఆలోచించేకి ఏముండాదమ్మా?" పురుషోత్తమ్ ముందుకొచ్చాడు. "నాలుగేళ్ళుగా కాపురం చేస్తాండావు కదా!"

"అది పోయిన జన్మ కదా చిన్నమామా. మీరే అర్జీలో రాసినారు."

ఋత్విక్ ఆమె వైపు తిరిగాడు. పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకొని ఉన్నాడు. "రంజనీ, నాయన ఉత్సవం..." అన్నాడు.

"నీ గురించి చెప్పు ఋత్విక్. ఉత్సవం గురించి కాదు."

అతను ఎవరో రాసిచ్చిన మాటలు చెప్పడం మూడేళ్ళుగా అలవాటైన మనిషి. సొంత మాట వెతికితే ఒక్కటీ దొరకలేదు.

అందరి కళ్ళూ శ్యామసుందర శర్మ మీద పడ్డాయి. ఆయన చెబితే కోడలు కాదనదని అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. మోకాళ్ళు పట్టుకొని లేచి, ఆమె ముందుకెళ్ళి నిలబడ్డాడు. గోడ గడియారం నాలుగు కావస్తోంది. బతిమాలే మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి: ఒక్క రథం తల్లీ, ఒక్కటే, తర్వాత నీ ఇష్టం. తెల్లవారితే తాను రథం మీద ఉండాలి. ఆయనకు ఇంకేమీ వద్దు.

"పోయినసారి నిన్ను ఎవరన్నా అడిగినారామ్మా?" అన్నాడు చివరికి.

"లేదు మామా. జాతకాలను అడిగినారు."

ఆ పెళ్ళిచూపుల్లో తాను కూర్చున్న కుర్చీ, తిన్న కేసరిబాతు అన్నీ ఆయనకు గుర్తున్నాయి. ఈ పిల్ల గొంతు మాత్రం గుర్తు రాలేదు. తలచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

"అయితే ఇప్పుడు తొందరపెట్టేది న్యాయం కాదు. నిదానంగా ఆలోచించుకో," అని చెప్పి ఘనపాఠిగారి వైపు తిరిగాడు. "లేఖ వద్దండి." పురుషోత్తమ్ కారు తాళం పక్కన పెట్టి తల పట్టుకున్నాడు. శ్యామసుందర శర్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల ఆయన ఏడుస్తున్న సంగతి అంబుజకు తెలుసు. బాలింతరాలి గుడ్డ తల నుంచి విప్పేసి, ఆమె తలుపు బయటే కూర్చుంది.

మర్నాడు రథం కదిలింది. కోలారు నుంచి వచ్చిన అర్చకుడు, పాతికేళ్ళవాడు, స్వామి పక్కన నిలబడ్డాడు. శ్యామసుందర శర్మ జనంలో నిలబడి అందరితోపాటు మోకు పట్టుకున్నాడు. రథం మీద నిలబడిన ఏళ్ళలో ఆయనకు కనిపించినవి జనం తలలే. స్వామిని పక్క నుంచి చూడడమే తప్ప ఎదురుగా చూడలేదు. ఇప్పుడు పూలలో ఆ ముఖం నేరుగా తన మీదికే వస్తుంటే ఆయన మోకు లాగడం మరిచిపోయాడు. కళ్ళనీళ్ళు దేనికో ఆయనకే తెలియలేదు, తుడుచుకోనూ లేదు. శ్రీరంజని వచ్చి, రథం మీదికి విసరడానికి దవనం గుచ్చిన అరటిపండు ఆయన చేతిలో పెట్టింది. ఆయన బలంగా విసిరాడు. అది కొత్త అర్చకుడి భుజానికి తగిలింది.

"స్వామికే వేసినాను," అన్నాడు. కోడలు నమ్మలేదు కానీ నవ్వింది. ఆ పన్నెండు రోజుల్లో ఆ ఇంటివాళ్ళెవరైనా నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాతి సోమవారం చానల్ వాళ్ళు పాత దృశ్యాలు అతికించి పిడుగును ఏడు నిమిషాల్లో బతికించేశారు. మునినారాయణకు అతుకు మీసం కొన్నారు. ఋత్విక్ మాత్రం సీరియల్‌కు తిరిగి వెళ్ళలేదు. గుండు మీద టోపీ పెట్టుకొని, రోజూ సాయంత్రం చింతామణి బస్సు వచ్చే వేళకు బస్టాండుకు వెళ్ళి, శ్రీరంజని సంచి మోసుకొని ఆమె వెనకే నడిచి వస్తున్నాడు. ఆమె ఇంకా ఆలోచిస్తోంది. పోయిన వారం చిక్కబళ్ళాపురంలో ఏదో ఉద్యోగానికి ఫారం నింపుతూ, వివాహితుడా, అవివాహితుడా అన్నచోట అతను రెండూ కొట్టేసి, 'అర్జీ పెట్టుకున్నాను' అని రాశాడు.